రీలు ఎవరు కడుగుతారు?

ముప్పై రెండేళ్ళకే రిటైర్ అయ్యానని చెబితే మా గల్లీలో అందరూ నవ్వుతున్నారు. "పింఛన్ ఎంతొస్తది అరుణా?" అని పాలు పోసే సత్తెమ్మ అడిగింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. దవాఖానలో డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. నా వేళ్ళ సందుల్లో పగిలి ఊడుతున్న చర్మాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూసింది. ఫొటోలు కడిగే మందునీళ్ళలో ఇంకొకసారి చెయ్యి పెడితే తన దగ్గరికి రావద్దని చెప్పింది. మహబూబ్‌నగర్‌లో ఒక ఫొటో స్టూడియోలో, కౌంటర్ దగ్గర సగం, వెనక చీకటి గదిలో సగం గడిచిన ఉద్యోగం నాది. ఆ నీళ్ళలో చెయ్యి పెట్టకుండా చేసే ఉద్యోగం కాదు.

ఇప్పుడు స్టూడియో కూడా లేదు. మా ఓనరు రాజలింగం సారు ముందు గదిని కలర్ ల్యాబ్ వాళ్ళకు కిరాయికి ఇచ్చారు. చీకటి గదిలో నల్లా బందు చేశారు. ఆ ల్యాబ్ కౌంటర్‌లో చేరబోయే ఇద్దరు అమ్మాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. "అక్కా, తక్కువ పైసలల్ల ఏ కెమెరా మంచిగుంటది అని అడిగితే ఏం చెప్పాలె? జర చెప్పరాదు" అన్నారు. ఎదురుగా మనిషి కూర్చుంటే నాకు మాట రాదు. రాసి ఇస్తానన్నాను. ఇది వాళ్ళ కోసం.

జీతం ఎప్పుడు పెరుగుతుంది, ప్రమోషన్ ఎప్పుడొస్తుంది, సెలవులు ఎన్ని, రసీదు ఎట్లా రాయాలి అన్నవి రాయను. అవి ల్యాబ్ వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పనివి కొన్ని ఉన్నాయి.

మాట్లాడని పిల్ల

నాకు ఉద్యోగం వచ్చింది నా సిగ్గు వల్లనే. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్నాను. రోజూ లైబ్రరీకి పోయి నవల తెచ్చుకోవడం, చదవడం, రాత్రి డైరీ రాసుకోవడం. మా బాపు రాజలింగం సారుకు తెలిసినవాడు. ఆడవాళ్ళ ఫొటోలు తీసేటప్పుడు పక్కన ఉండడానికి ఒక ఆడపిల్ల కావాలని సారు అంటే నన్ను తీసుకుపోయాడు.

సారు నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. నేను తల వంచుకుని కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. బాపుకు ఫికర్ పట్టుకుంది. "మా పిల్లకు జర భయం సార్. అలవాటైతే మాట్లాడుతది" అన్నాడు.

"మాట్లాడొద్దు" అన్నారు సారు. "మాట్లాడేటోళ్ళు ఈ బజారుల మస్తుమంది ఉన్నరు. నాకు మాట్లాడని పిల్లనే కావాలె. రేపటి నుంచి రమ్మను."

ఆయన మంచి ఫొటోగ్రాఫరు. మూడు కాళ్ళ స్టాండు మీద పాత పెద్ద కెమెరా, దాని మీద నల్లగుడ్డ. ఆ గుడ్డలో తల పెట్టి చూసినప్పుడు ఎదుట ఉన్నది కలెక్టరైనా కూలివాడైనా ఆయనకు ఒకటే. నాకు నేర్పినవన్నీ ఆయన నేర్పినవే. కోపం ఎక్కువ. తప్పు ఒప్పుకోవడం తక్కువ. ఈ రెండూ ఉన్న మనిషి దగ్గర పని నేర్చుకోవడం కష్టం కానీ, నేర్చుకున్నది మాత్రం పోదు.

ఏది మంచిది?

నేను చేరిన రోజుల్లోనే చిన్న కెమెరాలు మా ఊరికి రావడం మొదలైంది. చేతిలో ఇమిడిపోయేవి, బటన్ నొక్కితే చాలు ఫొటో వచ్చేవి. అప్పటిదాకా కెమెరా అంటే స్టూడియో వాళ్ళ దగ్గర ఉండే వస్తువు. ఇప్పుడు ఇంట్లో ఉండే వస్తువు అయింది. టీచర్లు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, దుబాయి నుంచి మనియార్డరు వచ్చే ఇళ్ళవాళ్ళు కౌంటర్ ముందు నిలబడి అడిగేది ఒకటే మాట: "ఏది మంచిది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకండి. చెప్పారంటే మీ దగ్గర ఏది అమ్ముడుపోవడం లేదో అదే చెబుతారు. దుకాణం అట్లాంటిది. మీరే అడగండి. ఎవరి ఫొటోలు తీస్తారు? ఇంట్లోనా, బయటనా? ఎంత దూరం నుంచి? ఎవరు తీస్తారు? వాళ్ళ చెయ్యి వణుకుతుందా? ఇవి అడిగితే సగం పని అయిపోతుంది.

కెమెరాలో వేసే సెల్లుల సంగతి కూడా చూడండి. దుబాయి నుంచి వచ్చిన ఒకాయన తన కెమెరా మా దగ్గర అమ్మకానికి పెట్టాడు. అద్భుతమైన కెమెరా. దూరం అదే చూసుకుంటుంది, రీలు అదే తిప్పుకుంటుంది. మూత తెరుచుకున్నప్పుడు చిన్న పిల్లి ఒళ్ళు విరుచుకున్నట్టు శబ్దం చేసేది. కానీ దానికి వేసే సెల్లు మా జిల్లాలో దొరకదు. ఒక మాస్టరు మోజుపడి కొని, కొడుకు పుట్టువెంట్రుకలకు తీసుకుపోయాడు. గుండు సగం అయ్యేసరికి సెల్లు చచ్చిపోయింది. వాపసు తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "నా కొడుక్కు సగం గుండుతోనే ఫొటో ఉన్నది సార్. పెద్దగైనంక నన్ను తంతడు" అన్నాడు. ఊళ్ళో కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లుతో నడిచే మామూలు కెమెరాయే మన దగ్గర గొప్ప కెమెరా. ఆ పిల్లి మాత్రం మళ్ళీ మా అద్దాల బీరువాలోనే పడుకుంది.

గొర్రె చెవులు

తక్కువ ధరలో వచ్చే చిన్న కెమెరాకు ఒక గుణం ఉంది. మనిషి నిలువంత దూరం ఉంటేనే అది సరిగ్గా చూస్తుంది. అంతకన్నా దగ్గరికి పోతే మసక. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళు కాదు. ప్రేమగా చూసేదాన్ని ఎవరైనా దగ్గరికి పోయే చూస్తారు కదా.

గొర్రెల సంఘం పెద్ద మల్లయ్య ఒక కెమెరా కొన్నాడు. బ్యాంకు లోను మీద ఇచ్చిన గొర్రెలకు చెవికి బిళ్ళ వేస్తారు. గొర్రె చచ్చిపోతే ఇన్సూరెన్సు కోసం ఆ బిళ్ళ కనపడేట్టు ఫొటో ఉండాలి. బిళ్ళ బాగా కనపడాలని మల్లయ్య ప్రతి గొర్రె చెవి దగ్గరికి పోయి తీశాడు. రీలు కడిగితే ఒక్క బిళ్ళా లేదు, ఒక్క చెవీ లేదు. అన్నీ మబ్బులే.

సారు ఒక నూలుదారం తెచ్చి మల్లయ్య నిలువంత కొలిచి తెంపారు. ఒక కొస కెమెరాకు కట్టారు. "రెండో కొస గొర్రె చెవికాడ పట్టించి, దారం బిర్రుగైనంక ఇడిచిపెట్టి నొక్కు. బిళ్ళ చిన్నగొస్తది, మేం పెద్దగ చేసిస్తం" అని చెప్పారు.

వారానికి మల్లయ్య వచ్చాడు. కెమెరా ఉంది, దారం సగమే ఉంది.

"దారమేది?" అన్నారు సారు.

"తిన్నయి సార్."

"ఏంది?"

"గొర్లు. నోటికాడికి తెచ్చి పెడ్తిమి, తినకేం జేస్తయి?"

ఆ రోజు నేను కౌంటర్ కింద కూర్చుని నవ్వాను. సారు కూడా నవ్వారు. కానీ దారం కట్టడం మాత్రం ఆపలేదు. అప్పటి నుంచి మా దుకాణంలో అమ్మిన ప్రతి చిన్న కెమెరాకు ఒక నిలువు దారం కట్టి ఇచ్చేవాళ్ళం. మా ఊళ్ళో ఏ ఇంట్లోనైనా దారం వేలాడే కెమెరా కనబడితే అది మాదే.

ఫాతిమాబీ

ఇక అసలు సంగతి.

ఫాతిమాబీ మసీదు వెనక గల్లీలో ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. భర్త లేడు. ఒక్కతే బిడ్డ, నస్రీన్. నస్రీన్‌కు రాయచూరు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వైపువాళ్ళది పట్టింపు ఉన్న ఇల్లు. ఆడవాళ్ళ వైపు ఫొటోగ్రాఫరు రావద్దు, బిడ్డ ముఖం పరాయి మగవాడి కళ్ళబడవద్దు అని ముందే చెప్పారు. ఫాతిమాబీకి కూడా ఆ మాట సమ్మతమే. కానీ ఆమెకు బిడ్డ ఫొటో కావాలి. "దీని బాప్ పోయినప్పుడు ఒక్క తస్వీర్ లేదు నా కాడ. ముఖం యాదికి తెచ్చుకుంట, తెచ్చుకుంట, అరిగిపోయింది. ఇప్పుడిది గూడ పోతాంది" అన్నది మా స్టూడియోలో ఆడవాళ్ళ కోసం పెట్టిన చిన్న గదిలో నాతో, బురఖా ముసుగు వెనక్కి వేసుకుని. అందుకే తామే తీసుకోవడానికి చిన్న కెమెరా ఒకటి కొనాలని, చాలా రోజులుగా కూడబెట్టి వచ్చింది.

నేను బీరువాలో నుంచి రెండు కెమెరాలు తెచ్చి పెట్టాను. ఒకటి ఫ్లాష్ లేని చవక డబ్బా. ఇంకొకటి లోపలే ఫ్లాష్ ఉన్న మామూలుది. సారు తలుపు బయట నుంచే "ఆ దుబాయిది గూడ చూపెట్టు పిల్లా!" అని అరిచారు. నేను వినపడనట్టు ఉన్నాను.

ఫాతిమాబీ కెమెరాలను ముట్టుకోలేదు. ధర కూడా అడగలేదు. "బేటీ, రీలు ఎవరు కడుగుతరు?" అన్నది.

ఇన్ని కెమెరాలు అమ్మాం, ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నాకు కూడా తట్టలేదు. సారును అడిగాను. ఆయన తలుపు బయటే నిలబడి, "కలర్ రీలు హైదరాబాద్ పోతదమ్మా. ఆడ మిషన్ల కడుగుతరు. ఫస్టుక్లాసుగొస్తయి" అన్నారు.

"మిషన్ కాడ ఎవరుంటరు?"

"పనోళ్ళుంటరు."

"మొగోళ్ళా?"

"మొగోళ్ళే మరి."

ఫాతిమాబీ ముసుగు ముందుకు వేసుకుంది. రెండు కెమెరాలనూ మెల్లగా నా వైపు జరిపింది. "అయితే ఎందుకు బిడ్డా? ఫొటోగ్రాఫరును ఇంట్లకు రానియ్యకుంట, నా బిడ్డ ముఖాన్నే డబ్బల పెట్టి వాళ్ళకాడికి పంపాల్నా?"

ఆమె లేచింది. కొనలేక వెనక్కి పోయేవాళ్ళను చాలామందిని చూశాను. చేతిలో కొనేంత ఉండి కూడా పోతున్న మనిషిని అప్పుడే చూశాను. నేనెప్పుడూ కస్టమరును పిలిచినదాన్ని కాదు.

"అమ్మా, కలర్ గాకుంట నలుపు తెలుపు రీలు వేసుకుంటే ఈడనే కడగొచ్చు" అన్నాను. ఆపైన నా నోటి నుంచి వచ్చిన మాట నాకే కొత్తగా వినబడింది. "నేను కడుగుత. నేను తప్ప ఎవ్వరు సూడరు."

మరునాడు నస్రీన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. నస్రీన్‌కు ఈ ఏర్పాటు నచ్చలేదు.

"అమ్మీ, ఎర్ర పెండ్లిబట్టల జోడా నల్లగ కనపడ్తది. పెండ్లా, చావింటి మాతమా?"

"నీ ముఖం కనపడితే సాలు."

"ముఖానికి పెండ్లి అయితదా? జోడాకే గదా అందరు వచ్చేది! అక్కా, నువ్వు చెప్పు, ఎరుపు అసలే రాదా?"

"రాదు" అన్నాను. "ముదురు బూడిదరంగు వస్తది. జరీ మాత్రం మెరుస్తది."

"బూడిద! ఇన్నవా అమ్మీ? నన్ను బూడిదల పంపుతున్నవు."

ఫాతిమాబీకి కోపం వచ్చింది. "అయితే కలరే వేసుకో. రేపు మీ అత్త అడుగుతది, ఇవి ఎవడు కడిగిండని. చెప్పు, హైదరాబాద్‌ల ఎవడో కడిగిండు, చాయ్ తాగుకుంట సూసిండు అని."

నస్రీన్ కెమెరా చేతిలోకి తీసుకుంది, దారాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది. "బూడిదనే కానీ" అన్నది చివరికి. "ఎరుపు నాకు యాదుంటది."

ఫ్లాష్ ఉన్న మామూలు కెమెరా కొన్నారు. రెండు పెన్సిల్ సెల్లులు, ఒక నలుపు తెలుపు రీలు. నిలువు దారం ఎట్లా పట్టుకోవాలో ఫాతిమాబీకి నేర్పాను. సూదిలో దారం ఎక్కించే చేతులు కదా, ఒక్కసారికే పట్టుకుంది.

చీకటి గది

నేను అప్పటిదాకా ఫొటోలు ముద్రించడంలో సారుకు చెయ్యి అందించినదాన్నే గానీ, రీలు ఒంటరిగా కడగలేదు. రీలు కడిగే పని పూర్తి చీకటిలో మొదలవుతుంది. ఎర్రబల్బు కూడా ఉండకూడదు. చక్రంలాంటి చుట్టకు రీలు ఎక్కించి డబ్బాలో పెట్టి మూత వేసేదాకా వేళ్ళే కళ్ళు. రీలు ఒకచోట అతుక్కుంటే అక్కడున్న ఫొటోలు పోయినట్టే. పెళ్ళి మళ్ళీ జరగదు.

సారుకు చెప్పినప్పుడు కోప్పడతారనుకున్నాను. కోప్పడ్డారు కూడా. "మాట్లాడని పిల్లని పెట్టుకుంటే ఇంత మాట్లాడినవా?" అన్నారు. తర్వాత ఒక పనికిరాని రీలు తెచ్చి నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని చుట్టకు ఎక్కించమన్నారు. పెళ్ళి దాకా రోజూ అదే పని. కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడల్లా, నవల చదివే సమయంలో, కళ్ళు మూసుకుని రీలు ఎక్కించడం, విప్పడం. ఫాతిమాబీ రీలు కడిగేటప్పుడు తాను లోపలికి రానని సారు మాట ఇచ్చారు.

రీలు వచ్చింది. కడిగాను. డబ్బా మూత తీసి తడి నెగెటివును వెలుగులో పట్టుకున్నాను. వచ్చాయి. కొన్నింటిలో తలలు తెగాయి. కొన్నింటిలో ఎవరో పిల్ల దారాన్ని మరిచిపోయి దగ్గరికి పోయినట్టుంది. మిగతావి వచ్చాయి. సాయంత్రం దాకా ఎర్రబల్బు కింద ముద్రించాను. ఒక మనిషి ముఖం తెల్లకాగితం మీద మందునీళ్ళలో మెల్లగా తేలి రావడం చూసినవాళ్ళకు వేరే ఏ పనీ అంత బాగుండదు. ఆ ఫొటోల్లో ఏమున్నదో ఆ రాత్రి నా డైరీలో కూడా రాయలేదు. నాకు తోచిన చెత్తంతా రాసుకునే డైరీలో అది ఒక్కటే రాయలేదు.

ఫొటోలు ఆరడానికి తీగకు తగిలించి, పొద్దున ఫాతిమాబీ వస్తుందని సారుకు చెప్పి ఇంటికి పోయాను.

షోకేసు

పొద్దున నేను దుకాణం దగ్గరికి వచ్చేసరికి సారు నా కన్నా ముందే వచ్చి ఉన్నారు. బజారు వైపు అద్దాల షోకేసులో నస్రీన్ ఉంది. పెద్ద సైజులో, నడిమధ్యన.

సారు చేసింది మీకు అర్థం కావాలంటే షోకేసు సంగతి చెప్పాలి. మా ఊళ్ళో స్టూడియో షోకేసులో ఫొటో ఉండడమంటే మామూలు విషయం కాదు. చుట్టాలను తీసుకొచ్చి చూపించేవాళ్ళు. తమ ఫొటో తీసేసి వేరేవాళ్ళది పెట్టామని మాతో మాటలు మానేసిన కుటుంబం ఒకటుంది. సారు డబ్బుకు గానీ, మొహమాటానికి గానీ ఎవరిదీ పెట్టేవారు కాదు. ఫొటో గొప్పగా ఉంటేనే. అది ఆయన చేసే సన్మానం. కడిగేటప్పుడు లోపలికి రానన్నారు, రాలేదు. నేను పోయాక ఏదో సీసా కోసం లోపలికి పోయారు, తీగ మీద ఆ ఫొటో చూశారు. కిటికీ వెలుగులో వచ్చిన ఒక ముఖం. అంతకు మించి రాయను. స్టాండు కెమెరాతో ముప్పై ఏళ్ళు ప్రయత్నించినా తనకు అట్లాంటిది రాలేదని తర్వాత ఆయనే అన్నారు. ఆగలేకపోయారు. నెగెటివు తీసుకుని పెద్దది చేసి షోకేసులో పెట్టారు.

"సార్, తియ్యండి" అన్నాను.

"ముందుగాల సూడు. కుట్టుమిషన్ తొక్కే ఆమె తీసింది గిది! ఇట్లాంటిది లోపల దాస్తరా?"

"ఎవ్వరు సూడరని మాట ఇచ్చిన సార్."

"నువ్వు ఇచ్చినవు. దుకాణం నాది. ఆమె వచ్చి సూస్తె సంబురపడ్తది, నీకు తెల్వదు."

"ఆమె సంబురపడదు సార్. పిల్ల సంసారం..."

"గంత భయమెందుకు? మంచి ఫొటోను సూస్తె ఎవనికన్న తప్పు ఆలోచన వస్తదా?"

ఆయన నిజంగానే అట్లా అనుకున్నారు. ఆ మనిషికి ఫొటో కనబడింది, పిల్ల కనబడలేదు. షోకేసు తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆయన లోపలికి పోయారు.

బజారులో అప్పుడప్పుడే షట్టర్లు లేస్తున్నాయి. బస్టాండు నుంచి మనుషులు వస్తున్నారు. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఏడుపు వచ్చింది. బయటికి పోయి షోకేసుకు వీపు ఆనించి, కొంగు రెండు చేతులతో వెడల్పుగా పట్టుకుని, బజారు వైపు తిరిగి నిలబడ్డాను.

కాలేజీకి పోయినన్నాళ్ళూ ఆ బజారులో నేను తల ఎత్తి నడవలేదు. ఇప్పుడు ఆ బజారు మొత్తం నన్ను చూస్తోంది. సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టి మరీ చూశాడు. ఎదురుగా చాయ్ హోటలు యాదగిరి గ్లాసులు కడగడం ఆపి, "ఏంది బిడ్డా, మీ సారు షోకేసుల నిన్నే పెట్టిండా ఏంది?" అన్నాడు. నలుగురు నవ్వారు. చెవులు కాలిపోయాయి. కదల్లేదు.

యాదగిరి మళ్ళీ నా ముఖం చూశాడు. నవ్వు ఆపాడు. బెంచీ మీద ఉన్న వాళ్ళతో, "ఏయ్, ఇటు తిరుగుండ్రి. చాయ్ సల్లారుతాంది. ఆడపిల్ల నిలబడితే సూసుడేంది?" అని గదమాయించాడు. తాను కూడా అటు తిరిగి గ్లాసులు కడుక్కున్నాడు.

గల్లీ మలుపులో ఫాతిమాబీ కనిపించింది. ఆమె నడక నాకు తెలుసు. నా వెనక అద్దం మీద ఠక్కుమని శబ్దమైంది. లోపలి నుంచి తలుపు తీసిన శబ్దం. నేను వెనక్కి తిరగలేదు. ఫాతిమాబీ వచ్చి నా ముందు నిలబడింది. నా చేతులను చూసింది, నా వీపు వెనక అద్దాన్ని చూసింది. అప్పటికి అక్కడ ఖాళీ మేకు ఒక్కటే ఉంది.

సారు గుమ్మంలోకి వచ్చారు. పెద్ద ఫొటో పేపరులో చుట్టి చేతిలో ఉంది. ఆయన చెప్పకపోతే ఆమెకు తెలిసేది కాదు. చెప్పారు.

"గలతి అయింది బీ. మంచిగున్నదని బయట పెట్టిన. ఈ పిల్ల అడ్డం నిలబడ్డది."

"ఎంతమంది సూసిన్రు?"

"నేను సూసిన. వేరేటోళ్ళు... సూడలే అనుకుంటున్న."

ముసుగు వెనక ఆమె ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. లోపలికి వచ్చింది. పేపరు విప్పి ఆ ఫొటోను చూసింది. చాలాసేపు చూసింది. వేలితో ఒకసారి తాకింది. తర్వాత, "అన్ని ఇయ్యి. నెగెటివులు గూడ. తెగినయి, మసకయి, అన్ని" అన్నది. ఒక్క ముక్క మిగలకుండా కట్టి ఇచ్చాను. డబ్బులు వద్దన్నారు సారు. ఆమె కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి నాలుగు రోజులు సారు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున చీకటి గది తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టారు. దానితోపాటు స్టాండు కెమెరా మీది నల్లగుడ్డ. "ఆరబెట్టినప్పుడు దీన్ని కప్పు. నాక్కూడ కనబడొద్దు" అన్నారు. ప్రమోషన్ల గురించి రాయనన్నాను. నాకు వచ్చింది ఆ ఒక్కటే.

తర్వాత

ఫాతిమాబీ మళ్ళీ రాలేదు. ఆమెకు మా మీద కోపం పోలేదని నేను అనుకునేదాన్ని. కానీ నెల తిరక్కముందే ఒకామె వచ్చి, ముసుగు లోపలి నుంచి, "ఇక్కడ ఆడపిల్ల కడుగుతదంట కదా?" అన్నది. ఇంకొకామె వచ్చింది. ముస్లిముల ఇళ్ళే కాదు. కొడుకు ఇంట్లో తాను ఎట్లా బతుకుతోందో బయటివాళ్ళకు తెలియకూడదనుకునే ముసలామె, బాలింతను ఫొటో తీసిన నర్సు, ఒంటి మీది దెబ్బల ఫొటోలు వకీలుకు ఇవ్వడానికి తెచ్చిన ఒక కోడలు. ఎవరు చెప్పారని అడిగితే మసీదు వెనక గల్లీ అనేవాళ్ళు. అంతకు మించి చెప్పేవాళ్ళు కాదు. అందరివీ కడిగాను, నెగెటివులతో సహా అదే రోజు చేతికి ఇచ్చాను.

అట్లా ఏళ్ళు గడిచాయి. మీకు నిజం చెప్పాలి. ఆ పని నన్ను అలసగొట్టింది. చర్మం మొదట ఎర్రబడింది, తర్వాత పగిలింది. రోజంతా చీకటిలో ఉండి బయటికి వస్తే ఎండ కళ్ళలో గుచ్చుకునేది. ఇళ్ళలో జరిగేవన్నీ చూసి ఎవరితోనూ అనలేకపోవడం కూడా ఒక బరువే. దాన్ని దించుకునే చోటు దొరకలేదు. ఇంత చేస్తే, మెల్లమెల్లగా ఆ ఇళ్ళవాళ్ళే కలర్ రీళ్ళు కొనడం మొదలుపెట్టారు. రంగు కావాలి. ఎవరు చూస్తే ఏముందిలే అన్నారు. వాళ్ళను తప్పుపట్టను. నస్రీన్ ఆ రోజు అడిగిన ఎరుపు ఎవరికైనా కావాలి. నలుపు తెలుపు రీళ్ళు తెప్పించడం సారు మానేశారు.

చీకటి గది మూసేసే వారం నస్రీన్ వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. బురఖా లోపలి నుంచి ఆమె కౌంటర్ మీద పెట్టిన కెమెరాను గుర్తుపట్టాను. దారం నల్లబడి, ముళ్ళు పడి, అయినా కట్టే ఉంది.

"అమ్మీ పోయింది అక్కా. పోయేముందు మంచంల ఉన్నప్పుడు ఫొటోలు తీసుకున్న. రీలు హైదరాబాద్ నుంచి తెప్పిచ్చిన, నలుపు తెలుపుది. నువ్వే కడుగుతవా?"

డాక్టరమ్మ ఆ మాట అప్పటికే చెప్పేసింది. నా వేళ్ళకు కట్లు ఉన్నాయి. నస్రీన్ వాటిని చూసి కెమెరా వెనక్కి తీసుకోబోయింది. నేను దారం పట్టుకున్నాను.

కట్లు విప్పి కడిగాను. రీలు చుట్టకు ఎక్కేటప్పుడు ఎక్కడా అతుక్కోలేదు. మంట మాత్రం మోచేతి దాకా పాకింది. ముద్రించి, నల్లగుడ్డ కింద ఆరబెట్టి, ఆడవాళ్ళ గదిలో ఆమె చేతికి ఇచ్చాను. ఆమె అక్కడే కూర్చుని చూసుకుంది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పోయేముందు, "ఆ రోజు నువ్వు అద్దం ముందల నిలబడ్డది అమ్మీ అందరికి చెప్పేది అక్కా, ఒక్క మా అత్తోళ్ళకు తప్ప" అన్నది. "నువ్వు ఏమేమో రాస్తుంటవంట కదా. రాసుకో. ఫొటోలల్ల ఏమున్నదో మాత్రం రాయకు."

రాయలేదు.

ఇప్పుడు రీలే అక్కరలేని కెమెరాలు వస్తున్నాయని, తీసిన ఫొటో వెంటనే దాని వెనకే కనబడుతుందని మొన్న హైదరాబాద్ సేల్స్‌మన్ చెప్పిపోయాడు. మన జిల్లాలో అది కొనేవాళ్ళు ఇంకా లేరు. రేపు చవకైతే అందరూ కొంటారు, మిమ్మల్ని ఏది మంచిదని అడుగుతారు. ఫాతిమాబీ అడిగింది అప్పుడు కూడా మీరు గుర్తు చేసుకోవాలి. కడిగేవాడు ఉండడు గానీ, చూసేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

మీ కొత్త మిషన్‌ను నేను వచ్చి చూశాను. ఫొటోలు ఒకదాని వెనక ఒకటి పైకి ముఖం పెట్టుకుని ట్రేలో పడుతున్నాయి. ఆ ట్రే సరిగ్గా కౌంటర్ పక్కన ఉంది. నిలబడినవాళ్ళంతా ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో పిల్లలు చూస్తూ తమ వంతు కోసం ఆగుతున్నారు. ఎవరికీ తప్పు అనిపించడం లేదు. ఓనరును అడిగి ట్రే జరిపించడం మీ వల్ల కాకపోవచ్చు. కొత్తగా చేరినవాళ్ళు, మాట పెగలదు. నాకు తెలుసు.

మిషన్ పక్క గోడకు ఒక మేకు ఉంది. మా స్టాండు కెమెరా నల్లగుడ్డ ఉతికి దానికి తగిలించి వచ్చాను. పెద్దదే, ట్రే మొత్తానికి సరిపోతుంది.